అప్‌డేట్: హార్డ్ డ్రైవ్‌ల టెస్టింగ్ అయింది, ఒకటి వెనక్కి ఇచ్చేశాను

ఇంట్లో స్టోరేజ్ సర్వర్‌కి కొన్న మూడు 4 టీబీ డ్రైవ్‌లను నేరుగా వాడేయొచ్చా, ముందు టెస్ట్ చేయాలా అని పోయిన నెల అడిగాను కదా. టెస్ట్ చేయమన్న వాళ్లందరికీ చాలా థాంక్స్.

డ్రైవ్ తనని తానే మొత్తం చెక్ చేసుకునే స్మార్ట్ లాంగ్ టెస్ట్‌లో మూడూ పాసయ్యాయి. తర్వాత బ్యాడ్‌బ్లాక్స్ అనే డిస్క్ టెస్టింగ్ ప్రోగ్రామ్‌ని రైట్ (రాసే) మోడ్‌లో పెట్టాను, అది డిస్క్ మొత్తం నాలుగు ప్యాటర్న్‌లు రాసి ప్రతిదాన్నీ తిరిగి చదువుతుంది కాబట్టి దాదాపు రెండున్నర రోజులు పట్టింది (ఉన్న డేటా అంతా పోతుంది, ఖాళీ డ్రైవ్ మీదే చేయండి). మా విజయనగరంలో మధ్యలో కరెంటు పోతుందేమోనని ఒకటే టెన్షన్, అందుకే ఇన్వర్టర్ మీద నడిపాను, వేడెక్కకుండా పక్కన టేబుల్ ఫ్యాన్ కూడా పెట్టాను.

రెండో డ్రైవ్ స్మార్ట్ రిపోర్ట్‌లో 199వ నంబర్, అంటే సీఆర్‌సీ ఎర్రర్ల (డేటా కేబుల్‌లో వెళ్లేటప్పుడు వచ్చే తప్పుల) లెక్క పెరుగుతూ పోయింది. డ్రైవ్‌ని కంప్యూటర్‌కి కలిపే సాటా కేబుల్ మార్చగానే ఆగింది. పాత సంఖ్య సున్నాకి రాదు, ఇక పెరగకపోతే చాలు.

అసలు సమస్య మూడోది. అదే రిపోర్ట్‌లో 197వ నంబర్ దగ్గర పెండింగ్ సెక్టార్లు (డ్రైవ్ సరిగా చదవలేక అనుమానంలో పెట్టిన చోట్లు) 16 కనిపించాయి, మళ్లీ రాసేసరికి కొన్ని 5వ నంబర్‌లోకి, అంటే రీఅలొకేటెడ్ (పాడైందని వదిలేసి బదులుగా వేరే చోటు వాడిన) లెక్కలోకి చేరాయి. కొత్త డ్రైవ్‌లో ఇది అసలు ఒప్పుకోకూడదు. రిపోర్ట్ చూపిస్తే షాపువాళ్లు మార్చి ఇస్తామన్నారు. వచ్చినదాన్నీ ఇలాగే పరీక్షించాకే అమ్మానాన్నల పాత ఫొటోలు అందులో ఎక్కిస్తాను.