కీళ్లవాతం అన్నారు, ఇప్పుడు కుష్టు పరీక్ష అంటున్నారు. మచ్చలే లేవు కదా?

కరీంనగర్ కోడలు:
మా అత్తయ్యకి 54 ఏళ్లు. ఏడాదిగా మణికట్లు, వేళ్ల కీళ్లు వాస్తున్నాయి. రక్తపరీక్షలో ఆర్ఏ ఫ్యాక్టర్ (కీళ్లవాతానికి చూసేది) పాజిటివ్ వస్తే కీళ్లవాతం అని మందులు రాశారు. స్టెరాయిడ్ వేసుకున్నన్నాళ్లూ బాగుంటారు, డోసు తగ్గించగానే జ్వరం, వాపులు, చేతుల మీదా కాళ్ల మీదా ఎర్రటి గడ్డలు, ముట్టుకుంటే నొప్పి. మొన్న పొయ్యి మీది గిన్నె మసిగుడ్డ లేకుండా దించేశారు, చిటికెన వేలు బొబ్బెక్కినా ఆవిడకి తెలియనే లేదు! చర్మం డాక్టరు కుష్టు పరీక్ష చేయిద్దాం అన్నారు. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. ఇంట్లో అందరికీ టెన్షన్.

డెర్మా పీజీ:
మచ్చ లేకుండా కూడా ఉంటుందండీ. బాక్టీరియా ఎక్కువగా ఉండే రకంలో విడిగా మచ్చలు కనపడకపోవచ్చు, చర్మం నిగనిగలాడుతూ చెవి తమ్మెలు దళసరి అవుతాయి. ఆర్ఏ ఫ్యాక్టర్ కుష్టులోనూ పాజిటివ్ రావచ్చు, ఆ ఒక్క రిపోర్టుతో ఏదీ తేలదు. నన్నడిగితే అసలు విషయం ఆ బొబ్బ. కీళ్లవాతంలో మణికట్టు దగ్గర నరం నొక్కుకుని తిమ్మిరెక్కితే ఎక్కువగా బొటనవేలి వైపు ఎక్కుతుంది, చిటికెన వేలు మొద్దుబారిందంటే మోచేతి వెనక నరం లావెక్కిందేమో తడిమి చూడాలి. జ్వరం, గడ్డలు, కీళ్ల వాపు కలిసి రావడం కుష్టు రియాక్షన్‌లో (ఆ బాక్టీరియా మీద ఒళ్లు తిరగబడటంలో) మామూలే, అదీ స్టెరాయిడ్‌కి తగ్గుతుంది కాబట్టి కీళ్లవాతం పేరు మీదే నడిచిపోతుంది. చెవి తమ్మె నుంచి స్మియర్ (చిన్న గాటు పెట్టి తీసిన ద్రవంలో బాక్టీరియా కోసం చూడటం), గడ్డ నుంచి బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయించండి. స్టెరాయిడ్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

కరీంనగర్ కోడలు:
థాంక్సండీ. గిన్నెలు, మంచం వేరు పెట్టాలా? పిల్లలున్నారు.

పీహెచ్‌సీ ఉద్యోగి:
అక్కర్లేదమ్మా, దయచేసి ఆ పని చేయకండి. మందు మొదలయ్యాక అంటుకునే భయం ఉండదు. పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ ఒకసారి చూపించుకుంటే చాలు. కుష్టు అని తేలితే మందులు పీహెచ్‌సీలో ఉచితం, ఈ రకానికి 12 నెలలు. ఆ మందుల్లో ఒకటైన క్లోఫజిమిన్‌తో ఒళ్లు నల్లబడుతుంది, అది చూసి భయపడి మానేసేవాళ్లున్నారు, కోర్సు అయ్యాక మెల్లగా పోతుంది. మన దేశంలో కుష్టును 2005లో నిర్మూలించామని ప్రకటించింది 10 వేల మందికి ఒక కేసు కంటే తగ్గిందన్న లెక్క మీద, అంతేగానీ కొత్త కేసులు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

డెర్మా పీజీ:
ఇంకోటి, కుష్టు మందుల్లో డాప్సోన్ అనేది రక్తం తగ్గించవచ్చు, అది మొదలుపెట్టే ముందు రక్తహీనత ఉందేమో చూపించండి. ఈలోపు ఆవిడని పొయ్యి దగ్గరికి వెళ్లనివ్వకండి, ఆ బొబ్బ చిదపకండి.