అప్‌డేట్: మా తమ్ముడిది పెరోల్ కాదు, ప్రొబేషన్

కొట్లాట కేసులో మా బాబాయి కొడుకుని దోషి అన్నారు కానీ జైలుకి పంపలేదు, ఇది పెరోలేనా అని పోయిన నెల అడిగాను. కాదన్నవాళ్లదే కరెక్ట్. అందరికీ థాంక్స్.

1958 నాటి ప్రొబేషన్ చట్టం, 4వ సెక్షన్. శిక్ష వేయకుండా, మంచి నడవడికతో ఉంటానని బాండు రాయించుకుని వదిలారు. బాండు గడువు మూడేళ్లు మించకూడదు, వాడికి రెండేళ్లు పెట్టారు. ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణ కూడా ఉంది. అలా ఆర్డరు ఇస్తే అది కనీసం ఏడాది ఉండాలట. పెరోల్ అయితే, శిక్ష అనుభవిస్తున్న ఖైదీని ఏదో అవసరం మీద కొన్నాళ్లు బయటికి పంపడం. ఫర్లో (ప్రత్యేక కారణం లేకపోయినా ఖైదీకి ఇచ్చే సెలవు) వేరే, ఆ రోజులు మామూలుగా శిక్షలోనే కలుస్తాయి.

మా పిన్నికి మాత్రం ఒకటే టెన్షన్: ఒక్కసారి అధికారి దగ్గరికి వెళ్లకపోతే లోపలేస్తారా? లాయరుగారు 9వ సెక్షన్ చూపించారు. షరతు తప్పితే కోర్టు అసలు నేరానికే శిక్ష వేయొచ్చు. మొదటిసారి అయితే, బాండు అలాగే ఉంచి 50 రూపాయల వరకు జరిమానాతో సరిపెట్టొచ్చు. యాభై రూపాయలే! ఈ సంగతి మావాడికి ఇంకా చెప్పలేదు, అలుసైపోతుందని.

ఈ కేసు వాడి ఉద్యోగానికి అడ్డవుతుందా అని కూడా అప్పుడు అడిగాను. 12వ సెక్షన్ వల్ల దోషిగా తేలడంతో వచ్చే అనర్హత పోతుంది, దోషి అన్న తీర్పు మాత్రం చెరిగిపోదు. అప్లికేషన్‌లో అడిగితే దాచొద్దని లాయరుగారు గట్టిగా చెప్పారు.