నా పాత క్యాసెట్లలో పాటలు పోయినట్టేనా?

తిరుపతి హార్మోనియం: మాది తిరుపతి, వయసు 58. కాలేజీ రోజుల నుంచి సొంతంగా పాటలు కట్టి ఇంట్లోనే టేప్‌రికార్డర్‌లో ఎక్కించుకుంటున్నా, కచేరీల్లేవు, పేరూ లేదు, భజనల్లో హార్మోనియం వాయించడం తప్ప. నలభై క్యాసెట్లున్నాయి. నిన్న ఒకటి పెడితే నా గొంతు గోనెసంచిలోంచి వచ్చినట్టుంది. ఇంక అంతేనా?

చిత్తూరు రిపేరు: ఏం పోలేదన్నా. ముందు టేపు రాసుకుంటూ పోయే ఆ లోహపు ముక్క, హెడ్‌ అంటారు, దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. అయినా మసకగానే ఉంటే హెడ్ పక్క చిన్న స్క్రూని, పాట వింటూ, కొంచెం కొంచెం తిప్పు, ‘స’లు తేటగా వినిపించిన చోట ఆపెయ్. అప్పటి మెషీన్ హెడ్ వాలు వేరు, ఇప్పటిది వేరు, అదే తేడా.

రాగిరేకు: హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కి (శబ్దం లోపలికి తీసుకునే సాకెట్) వైరు పెట్టి ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించండి, ఉచితమే. శబ్దాన్ని కుదించని వేవ్ ఫైల్‌గా దాచండి, ఎంపీ3 తర్వాత చూసుకోవచ్చు. బుస్సుమనే చప్పుడు మొత్తం తీసేయకండి సార్, గొంతూ పోతుంది. అన్నమయ్య సాహిత్యం రాగిరేకుల మీద నిలిచింది గానీ ఆయన వరుసలు చాలావరకు మనకు దక్కలేదు. మీవి వరుసతో సహా ఉన్నాయి కదా!

తిరుపతి హార్మోనియం: తుడిచా, దూదంతా గోధుమరంగు! 1989 పాట వెనకాల కుక్కర్ విజిల్, మా అమ్మ ‘ఇంక చాల్లేరా, అన్నానికి రా’ అంటోంది. అదొక్కటీ కత్తిరించను.