పక్షవాతం వస్తే పది వేళ్లకీ సూది గుచ్చమనేది నిజంగా చైనా వైద్యమేనా?

తణుకు_అబ్బాయి:

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

వినాయక చవితి ముందు రోజు పొద్దున్న నాన్న అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. గ్లాసు చేతిలోంచి జారి కాఫీ అంతా లుంగీ మీద ఒలికిపోయింది. అంత వేడిది పడినా ఆయనకి చురుక్కుమన్నట్టే లేదు. ఏమైంది నాన్నా అంటే ఏదో చెప్పబోయారు గానీ మాట ముద్దముద్దగా వచ్చింది, నోరు ఎడమ పక్కకి లాగేసింది. నేను 108కి ఫోన్ చేద్దామని లోపలికి పరిగెత్తేలోపు పక్కింటి మాస్టారు వచ్చేసి "కదపొద్దు, కదిపితే మెదడులో సన్న నరాలు చిట్లిపోతాయి" అని తన ఫోన్‌లో ఉన్న వాట్సాప్ మెసేజ్ చదివి వినిపించారు. మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. ఎవరో చైనా ప్రొఫెసర్ చెప్పాడంటూ, సూదిని మంట మీద కాల్చి పది వేళ్ల కొసల్లో గుచ్చాలి, బఠాణీ గింజంత రక్తం రావాలి, మూతి వంకరపోతే చెవులు ఎర్రబడేదాకా లాగి తమ్మెలకి రెండేసి పోట్లు పొడవాలి, అదే మెసేజ్. అమ్మ కుట్టుమిషన్ సొరుగులోంచి సూది తెచ్చి ఇచ్చింది. నేనూ కాదనలేదు, అబద్ధం ఎందుకు.

ఆరో వేలి దగ్గర ఉండగా మా చెల్లి వచ్చి కేకలేసి 108కి ఫోన్ చేసింది. అప్పటికే అరగంట పైన పోయింది. అదృష్టం కొద్దీ సీటీ స్కాన్‌లో రక్తం గడ్డ అని తేలి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ టైములోపలే పడింది. అది ఎక్కాక నాన్న ఆరు వేళ్ల నుంచీ మళ్లీ రక్తం చెమర్చడం మొదలుపెట్టింది. "ఇవేం గాట్లండీ" అని నర్సు అడిగితే మాకు నోట మాట లేదు.

ఇప్పటికి రెండున్నర నెలలు. కుడి చెయ్యి భుజం దాకా లేస్తోంది, వేళ్లు మాత్రం విచ్చుకోవట్లేదు. యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్, బీపీ బిళ్లలు వాడుతున్నారు. ఇక నా ప్రశ్నలు. ఆ వేళ్ల పోట్లు నిజంగా చైనా వైద్యంలో ఉన్నాయా, లేక ఎవడో కూర్చుని రాశాడా? సింగపూర్‌లో ఉండే మా బావ బంగారు రేకు చుట్టిన చైనా మాత్ర ఏదో పంపిస్తానంటున్నాడు, వేయొచ్చా? రాజమండ్రిలో ఒకాయన అక్యుపంక్చర్ ఇరవై సిట్టింగులు చేస్తే చెయ్యి వస్తుందంటున్నాడు, వెళ్లాలా వద్దా?


తియాంజిన్_బ్యాచ్:

ముందుగా, ఇంజెక్షన్ పడింది కాబట్టి మీరు గట్టెక్కారు. మీ చెల్లికి దణ్ణం పెట్టాలి.

నేను చైనాలో ఎంబీబీఎస్ చేశాను, మా హాస్టల్లో ఒక ఫ్లోరంతా తెలుగువాళ్లమే. అక్కడ వాళ్ల సంప్రదాయ వైద్యం కూడా మాకు ఒక సబ్జెక్టు. పరీక్ష కోసం బట్టీ పట్టిందే అయినా ఈ పక్షవాతం పాఠం మాత్రం బుర్రలో ఉండిపోయింది, ఎందుకంటే వాళ్లు దీన్ని జోంగ్‌ఫెంగ్ అంటారు. ఫెంగ్ అంటే గాలి, జోంగ్ అంటే ఇక్కడ బాణం తగిలినట్టు తగలడం. గాలి దెబ్బ. మనం పక్షవాతం అంటున్నాం, అందులోనూ వాతమే ఉంది కదా, మా అమ్మమ్మ అయితే "గాలి సోకింది" అనే అనేది. ఉన్నట్టుండి వచ్చి పడుతుంది, ఒక పక్క మనిషిని చెట్టు కొమ్మలా విరిచేస్తుంది, కాబట్టి రెండు చోట్లా గాలే గుర్తొచ్చినట్టుంది.

సుమారు 1800 ఏళ్ల కింద, హాన్ రాజుల కాలం చివర్లో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు దీన్ని లోతుని బట్టి నాలుగు రకాలు చేశాడు. గాలి పైపై నాళాల్లో ఉంటే చర్మం మొద్దుబారుతుంది. కాస్త లోపలికి వెళితే కాలూ చెయ్యీ బరువెక్కి లేవవు. ఇంకా లోపలికి దిగితే మనుషుల్ని గుర్తుపట్టరు, అట్టడుక్కి దిగితే మాట పడిపోయి నోట్లోంచి చొంగ కారుతుంది. స్కానూ గీనూ ఏమీ లేని రోజుల్లో మంచం పక్కన కూర్చుని ఈ తేడాలు పట్టుకున్నాడంటే నాకు ఇప్పటికీ గౌరవమే. తర్వాత వెయ్యేళ్లకి జిన్, యువాన్ కాలాల్లో ఒకాయన ఇది బయటి గాలి కాదు లోపలి వేడి అన్నాడు, ఇంకొకాయన శక్తి తగ్గడం అన్నాడు, మరొకాయన తేమా కఫమూ అన్నాడు. మింగ్ కాలంలో జాంగ్ జింగ్‌యుఎ అయితే అసలు దీనికి గాలి అనే పేరే తప్పు, "గాలి కానిది" అనండి అని వాదించాడు. అంటే వాళ్లలో వాళ్లే వందల ఏళ్లు కొట్టుకున్నారు. వాట్సాప్ మెసేజ్ చూస్తే మాత్రం చైనా అంతా ఏకగ్రీవంగా సూది పట్టుకుని కూర్చున్నట్టుంటుంది.

మీ మొదటి ప్రశ్నకి వస్తే, వేళ్ల పోట్లు ఉన్నాయి, కల్పితం కాదు. ఆ పది చోట్లనీ షిషువాన్ అంటారు. కానీ ఎవరికి? స్పృహ తప్పిన రోగుల్ని వాళ్లు రెండుగా చూస్తారు. పళ్లు బిగుసుకుని, పిడికిళ్లు మూసుకుపోయి, మల మూత్రాలు ఆగిపోతే అది 'మూసుకున్న' రకం. నోరు తెరిచి, చేతులు వదిలేసి, ఒళ్లంతా చెమటతో తెలియకుండానే మూత్రం పోతుంటే 'వదిలేసిన' రకం. వేళ్ల కొసల్లో రక్తం తీయడం మొదటి రకానికి చెప్పింది. రెండో రకానికి అది పనికిరాదు, వాళ్ల లెక్కలో ఆ మనిషికి ఉన్న కాస్త శక్తీ జారిపోతోంది, దాన్ని నిలబెట్టడానికి జిన్‌సెంగ్ వేరూ శుద్ధి చేసిన వసనాభి వేరూ కాచి పోసేవారు. మీ నాన్నగారు స్పృహలో కూర్చుని మాట్లాడబోతున్నారు, పళ్లు బిగుసుకోలేదు, అంటే ఆ పాత పుస్తకాల లెక్క ప్రకారం చూసినా మాస్టారు గుచ్చింది తప్పు మనిషికి.

పోట్ల కంటే నాకు ఒళ్లు మండేది "కదపొద్దు" అన్న ముక్క. పోట్ల వల్ల పోయేది నాలుగు చుక్కల రక్తం, ఆ ముక్క వల్ల పోయేది టైము. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి ఉన్నదే నాలుగున్నర గంటలు, పైగా స్కాన్ తీయకుండా గడ్డో రక్తస్రావమో దేవుడు కూడా చెప్పలేడు. చైనాలో ఇవాళ జనానికి ఏం నేర్పుతున్నారో చెప్తాను చూడండి. అక్కడ అంబులెన్స్ నంబరు 120. 2016 నుంచి ఆ నంబర్నే గుర్తుగా పెట్టి ప్రచారం చేస్తున్నారు: 1 అంటే ఒక ముఖం, వంకరపోయిందేమో చూడు, 2 అంటే రెండు చేతులు, ఒకటి వాలిపోతోందేమో చూడు, సున్నాని వాళ్ల భాషలో లింగ్ అంటారు, వినడం అనే మాట కూడా అలాగే పలుకుతుంది, కాబట్టి మాట తేడాగా ఉందేమో విను. తేడా ఉంటే 120కి కొట్టు. ఎక్కడా సూది లేదు.


జురాంగ్_వాసి:

మాత్ర గురించి నేను చెప్తాను, ఇరవై ఏళ్లుగా సింగపూర్‌లోనే ఉంటున్నాను. మీ బావగారు చెప్పేది బహుశా ఆన్‌గోంగ్ న్యూహువాంగ్ వాన్. మైనం బంతిలో పెట్టి ఉంటుంది, బంతిని నొక్కి పగలగొడితే లోపల రేగుపండంత ముద్ద, దాని మీద బంగారు రేకు, వాసన చూస్తే కస్తూరీ కర్పూరమూ కలిసి ముక్కు అదిరిపోతుంది. మా కింది ఫ్లోర్‌లో ఉండే చైనీస్ ముసలావిడ ఒకటి ఫ్రిజ్‌లో దాచుకుంది, మన ఇళ్లలో గంగాజలం చెంబు ఉన్నట్టు.

ఇది 1798లో వూ జుతోంగ్ అనే వైద్యుడు రాసిన మందు. ఆయన రాసింది పక్షవాతం కోసం కూడా కాదు, తీవ్రమైన జ్వరం తలకెక్కి సంధి మాటలు మాట్లాడే రోగుల కోసం. తర్వాత స్ట్రోక్‌కి వాడకంలోకి వచ్చింది, అదీ వేడి లక్షణాలున్న మూసుకున్న రకానికి మాత్రమే. ఇందులో గోరోచనం, కస్తూరి, ముత్యాల పొడి ఉంటాయి. పాత రోజుల్లో ఖడ్గమృగం కొమ్ము కూడా వేసేవారు, 1993లో చైనా దాన్ని నిషేధించాక గేదె కొమ్ము వేస్తున్నారు. ఇవి పోనివ్వండి, అసలు చూడాల్సింది ఇంగిలీకం, మనశ్శిల. మొదటిది పాదరసం, రెండోది ఆర్సెనిక్. మన రసౌషధాల గొడవే.

మీ నాన్నగారు స్పృహలో ఉన్నారు, గండం గడిచి రెండున్నర నెలలైంది. ఇప్పుడు ఇది వేయమని ఒళ్లు తెలిసిన చైనీస్ వైద్యుడు కూడా చెప్పడు. ఇక్కడ సంప్రదాయ వైద్యులకి 2000లోనే చట్టం వచ్చింది, రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ బావని వాళ్లలో ఒకరి దగ్గరికి వెళ్లి అడగమనండి, నాడి చూడకుండా మాత్ర ఇమ్మంటే ఆయనే తిడతాడు. ఇంకోటి, మూతి వంకరపోయిన మనిషి నోట్లో అప్పటికప్పుడు ఏ ముద్ద పెట్టినా అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, మంచినీళ్లయినా సరే.


నిజం_నిష్ఠూరం:

ఇంత చరిత్ర దేనికి బ్రదర్. గాలి, వేడి, కఫం, అంతా బూటకం అని ఒక్క ముక్కలో చెప్తే సరిపోతుంది కదా. వానపాముల కషాయం తాగించే వాళ్ల మాట వినాలా?


తియాంజిన్_బ్యాచ్:

వానపాము ఉన్న మాట నిజమే. బుయాంగ్ హువాన్‌వూ అనే కషాయంలో వేస్తారు. దాన్ని రాసిన వాంగ్ చింగ్‌రెన్ కథ తెలిస్తే మీకే నచ్చుతాడు. 1797లో ఒక ఊళ్లో అంటువ్యాధితో పిల్లలు చచ్చిపోతుంటే, సరిగ్గా పూడ్చని శవాల దగ్గరికి రోజూ వెళ్లి లోపలి భాగాలు కళ్లారా చూసి, పాత పుస్తకాల్లో బొమ్మలన్నీ తప్పు అని 1830లో అచ్చేశాడు. ఆయన లెక్క ఏంటంటే, ఒంట్లో శక్తి పది పాళ్లు, చెరో పక్కా ఐదు, సగం తరిగిపోతే మిగిలింది ఒక పక్కకే పోతుంది, రెండో పక్క పడిపోతుంది. అందుకే ఆ కషాయంలో హువాంగ్‌చీ అనే వేరు ఒక్కటే నాలుగు లియాంగులు (లియాంగు అంటే వాళ్ల పాత తూకం), మిగతా ఆరు దినుసులూ కలిపినా ఒక లియాంగు నిండదు. లెక్క తప్పే కావచ్చు. కానీ చూసి రాసే అలవాటు ఉన్నవాడు.

మీ మాటకి జవాబు కూడా చైనా వాళ్లే ఇచ్చుకుంటున్నారు. మెదడులో రక్తస్రావమైన వాళ్లకి ఒక మూలికా మందు, అందులో ఎర్ర జిన్‌సెంగ్, రేవల్చిన్ని లాంటివి నాలుగు, చైనాలోనే 26 ఆస్పత్రుల్లో 1600 మందికి పైగా రోగుల మీద, సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మూడు నెలల తర్వాత తేడా ఏమీ లేదు. లేదని వాళ్లే అచ్చేశారు. బూటకం అని మనం కుర్చీలో కూర్చుని అనడానికీ, దీనికీ తేడా ఉంది కదండీ.


గుంటూరు_ఫిజియో:

అక్యుపంక్చర్ గురించి రెండు మాటలు, నేను స్ట్రోక్ పేషెంట్లతోనే పనిచేస్తాను.

1972లో చైనాలోని తియాంజిన్ నగరంలో షీ షుఎమిన్ అనే డాక్టరు స్ట్రోక్ కోసం ఒక పద్ధతి పెట్టారు, మెదడుని మేల్కొలిపి ద్వారాలు తెరవడం అని దాని పేరు. మణికట్టు లోపలి వైపు ఒక సూది, ముక్కు కింద గాడిలో ఒకటి, కాలి మడమ పైన లోపలి పక్క ఒకటి. ముక్కు కింద సూదిని పిచ్చుక పొడిచినట్టు పొడుస్తారు, కంట్లో నీళ్లు తిరిగేదాకా. కాలి సూదికైతే కాలు మూడుసార్లు ఎగరాలి. అంత మోటుగా ఉంటుంది వ్యవహారం, మనవాళ్లు పెట్టే లైటు మ్యూజిక్ సిట్టింగుల్లా ఉండదు. ఫలితం సంగతంటే, 2016లో కాక్రేన్ వాళ్లు (వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే సంస్థ) స్ట్రోక్ తర్వాత కోలుకునే దశలో అక్యుపంక్చర్ మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూశారు. కొంత మేలు ఉన్నట్టు కనిపించింది గానీ చాలా పరిశోధనలు నాసిరకం, అందుకని అందరికీ చేయించండి అని చెప్పలేం అన్నారు. నా అనుభవంలో కొందరికి భుజం నొప్పి తగ్గింది, వేళ్లు విచ్చుకోవడం మాత్రం సూదితో వచ్చింది అని చెప్పగలిగిన కేసు నాకు తగల్లేదు.

వెళ్లాలనుకుంటే వెళ్లండి, ఒకసారి వాడేసే సూదులో కాదో చూడండి, రక్తం పలచబరిచే మందులు రెండు వాడుతున్నారని ముందే చెప్పండి. ఆయన కషాయాలూ పొడులూ కూడా ఇస్తానంటే మాత్రం వద్దనేయండి. చైనా వాళ్లు స్ట్రోక్‌కి వాడే మూలికల్లో దాన్‌షెన్ లాంటివి రక్తాన్ని కదిలించేవే, యాస్పిరిన్‌కి తోడైతే ఎక్కడ కారుతుందో తెలీదు. అన్నిటికంటే ముఖ్యం, సిట్టింగుల కోసం రాజమండ్రి వెళ్లి రావడంలో రోజుకి మూడు గంటలు పోయి ఇంట్లో చేయాల్సిన ఎక్సర్‌సైజులు ఎగిరిపోకూడదు. రెండున్నర నెలలంటే ఇంకా మంచి టైమే. కుడి చేత్తో తువ్వాలు పిండించండి, పేకముక్కలు తిప్పించండి, గిన్నెలో పెసలూ శనగలూ కలిపి ఏరించండి. అన్నం ఎడమ చేత్తో తినేస్తుంటే ఊరుకోకండి.


తణుకు_అబ్బాయి:

అందరికీ థాంక్స్. బావకి ఫోన్ చేసి మాత్ర వద్దని చెప్పాను, కొంచెం మొహం మాడ్చుకున్నాడు. ఫిజియో గారూ, పెసలూ శనగల ఐడియా నిన్నే మొదలుపెట్టాం, మొదటి రోజు పదకొండు గింజలు ఏరారు, ఇవాళ పదిహేడు. చెల్లి గోడ మీద రాసి పెడుతోంది.

సాయంత్రం మాస్టారు చూడ్డానికి వచ్చారు. పాపం ఆయన గుమ్మంలోనే నిలబడిపోయారు, లోపలికి రావడానికి మొహం చెల్లక. నాన్న మాట ఇంకా నత్తినత్తిగానే వస్తోంది, అయినా ఒక్కో అక్షరం కూడబలుక్కుని అడిగారు, "సూ...ది తెచ్చా...రా మాస్టారూ" అని. గ్లాసు పడిన రోజు నుంచీ మా ఇంట్లో అమ్మ నవ్వడం అదే మొదటిసారి.