అప్‌డేట్: స్పితి చలికి వ్యాన్ వాల్వులు తట్టుకున్నాయి, ఒక్కటి తప్ప

జనవరిలో హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకి వెళ్లేముందు అడిగాను కదా, మా క్యాంపర్ వ్యాన్‌లో మంచినీళ్ల పైపులు, వాల్వులు గడ్డకట్టి పగలకుండా ఏం చేయాలని. మొన్న బెంగళూరు తిరిగొచ్చాం. నిన్న మారతహళ్లిలో ఇంటి ముందే ట్యాంకు నింపి పంపు ఆన్ చేశాను, గుండె దడదడలాడుతూనే.

మీరు చెప్పినట్టే, స్పితి దారిలో ఉండే రికాంగ్ పియో ఊళ్లో ట్యాంకు, గీజరు ఖాళీ చేసి, కుళాయిలన్నీ తెరిచి, మిగిలిన నీళ్లు పోయేలా పైపుల్లోకి గాలి కొట్టాం. గాలి ఒత్తిడి 30 పీఎస్ఐ దాటనివ్వలేదు. "ఇంకాస్త పెంచు బావా, తొందరగా అయిపోతుంది" అని బామ్మర్ది ఒకటే గొడవ.

అసలు కిటుకు బాల్ వాల్వులది, అంటే లోపల రంధ్రమున్న బంతి తిరిగి నీళ్లు వదిలే, ఆపే వాల్వులది. పూర్తిగా మూసినా, తెరిచినా లోపలి బంతి దగ్గర కాసిని నీళ్లు ఇరుక్కుంటాయి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, ఇత్తడైనా పగలాల్సిందే. అందుకే హ్యాండిల్ సగానికి, 45 డిగ్రీలకు తిప్పి వదిలేశాం. తిప్పగానే టప్ టప్‌మని నాలుగు చుక్కలు రాలాయి! సింకు కింది వంపులో నీళ్లు గడ్డకట్టకుండా ప్రొపిలీన్ గ్లైకాల్ అనే యాంటీఫ్రీజ్ ద్రవం పోశాం. ఇథిలీన్ గ్లైకాల్ రకం విషం, దాని జోలికి పోలేదు.

లోపల ఎక్కడా కారలేదు. వెనక డోర్ దగ్గర కాళ్లు కడుక్కునే కుళాయి ఒక్కటే మర్చిపోయాం. వాల్వు మీద వెంట్రుకంత పగులు, సన్నగా చిమ్ముతోంది. ఆదివారం మార్చేస్తాను.