సరెప్టిషస్‌కి సరైన తెలుగు మాట ఏది?

ఇంగ్లీషు పదాలు నేర్చుకుంటూ సరెప్టిషస్ (surreptitious) దగ్గర ఇరుక్కుపోయాను. నిఘంటువు చూస్తే "రహస్యమైన" అని ఉంది. అది సరిపోలేదు. రహస్య ఒప్పందం తలుపులు వేసుకుని కూడా చేసుకోవచ్చు. ఇది వేరు. మీటింగ్ నడుస్తుంటే, ముఖం మాట్లాడేవాళ్ల వైపే పెట్టి, తల మాత్రం బుద్ధిగా ఊపుతూ, బల్ల కింద బొటనవేలితో మెసేజ్ కొడతామే, అదీ సరెప్టిషస్ అంటే. నలుగురి మధ్యే ఉండి, ఎవరి కంటా పడకుండా చేసే పని.

మరి తెలుగులో? "గుట్టుగా" అంటే తప్పు ధ్వనించదు, గుట్టుగా బతకడం మంచిదే కదా. "లోపాయికారీ" అంటే ఇంకొకరితో కుమ్మక్కైనట్టు ఉంటుంది. "దొంగచాటుగా" కాస్త దగ్గర. తమాషా ఏంటంటే, ఇంగ్లీషులో దాదాపు ఇదే అర్థమున్న ఫర్టివ్ (furtive) అనే మాట కూడా లాటిన్‌లో దొంగ అనే అర్థమున్న మాట నుంచే వచ్చింది, స్టెల్త్ (stealth, చాటుమాటుతనం) అనే మాటకేమో దొంగిలించడం అనే అర్థమున్న స్టీల్ (steal)‌తో చుట్టరికం. ఎవరికైనా దొంగే గుర్తొస్తాడు కాబోలు!

నా సందేహాలు రెండు. ఫర్టివ్‌లో దొరికిపోతామన్న బెదురు కనిపిస్తుందనీ, సరెప్టిషస్‌లో అది ఉండక్కర్లేదనీ నేననుకుంటున్నాను. కరెక్టేనా? వీలైతే రెండింటికీ తేడా తెలిసేలా చెరో వాక్యం ఇవ్వండి.

రెండోది స్పెల్లింగ్. ఆర్ రెండుసార్లు, పీ ఒక్కసారే అని తెలిసినా రాసేటప్పుడు ప్రతిసారీ పీ కూడా రెండైపోతోంది. గుర్తుపెట్టుకోవడానికి ఏదైనా చిట్కా ఉంటే చెబుతారా?