ఇనుప డ్రమ్ముల మధ్య యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్ రేడియో) దూరం తప్పు చూపిస్తోంది, ఎవరైనా వాడారా?

చిత్తూరు_గోడౌన్: మాది మామిడి గుజ్జు గోడౌన్. ఫోర్క్‌లిఫ్ట్ దగ్గరికి మనిషి వస్తే అలారం మోగాలని డీడబ్ల్యూ1000 అనే యూడబ్ల్యూబీ చిప్ మాడ్యూళ్లు పెట్టాం. సిగ్నల్ ప్రయాణానికి పట్టే సమయాన్ని బట్టి దూరం లెక్కేస్తాయి. ఖాళీ జాగాలో బాగానే ఉంది. డ్రమ్ముల వరసల్లోకి పోతే మీటరుకు పైగా ఎక్కువ చూపిస్తోంది. యాంకర్లు (ఒకచోట బిగించే మాడ్యూళ్లు) ఎంత ఎత్తులో పెట్టాలి? ట్యాగ్ (మనిషి దగ్గరుండే మాడ్యూల్) బ్యాటరీ ఎన్నాళ్లొస్తుంది?

పాకాల_ఎంబెడెడ్: యాంటెన్నా డిలే (చిప్‌కూ యాంటెన్నాకూ మధ్య సిగ్నల్‌కు పట్టే సమయం) కాలిబ్రేట్ చేయండి. ఒక్క నానోసెకను తేడా వస్తే 30 సెంటీమీటర్లు పోయినట్టే.

రేణిగుంట_ఆర్‌ఎఫ్: డిలే తప్పయితే ఖాళీ జాగాలో కూడా తప్పాలి కదా సామీ! ఆయన రాసింది పూర్తిగా చదవండి. డ్రమ్ము అడ్డమొస్తే నేరుగా వచ్చే సిగ్నల్ నీరసపడిపోతుంది. పక్క డ్రమ్ముకు తగిలి చుట్టు తిరిగొచ్చినదాన్నే చిప్ మొదటిదిగా తీసుకుంటుంది. అందుకే ఎక్కువ చూపిస్తుంది.

తిరుచానూరు_బీకన్: మీకు మీటరే తప్పుతోంది. ఆసుపత్రిలో వీల్‌చైర్లు వెతకడానికని మాకు బ్లూటూత్ బీకన్లు (సిగ్నల్ పంపే చిన్న పరికరాలు) అంటగట్టారు. సిగ్నల్ బలాన్ని బట్టి దూరం లెక్కేస్తుందట. మధ్యలో మనిషి నిలబడితే చాలు, కుర్చీ పక్క వార్డులో ఉన్నట్టు చూపిస్తుంది. పెట్టిన డబ్బంతా దండగ.

పాకాల_ఎంబెడెడ్: సింగిల్ సైడెడ్ రేంజింగ్ (ఒక మెసేజ్, ఒక జవాబుతో దూరం లెక్కేయడం) అయితే క్రిస్టల్ (చిప్ గడియారం) తేడా కూడా కొడుతుంది. జవాబుకు 1 మిల్లీసెకను పట్టి, రెండు క్రిస్టళ్లకూ 20 పీపీఎం (పది లక్షలకు 20) తేడా ఉంటే 3 మీటర్లు తప్పుతుంది. లెక్క వేసుకోండి. రెండు వైపుల నుంచీ కొలిచే డబుల్ సైడెడ్‌కు మారండి.

రేణిగుంట_ఆర్‌ఎఫ్: మళ్లీ అదే! క్రిస్టల్‌కు డ్రమ్ములు కనిపిస్తాయా? రాడార్ రిసీవర్లు బాగుచేసిన చేతులివి, నాకు చెప్పొద్దు.

పాకాల_ఎంబెడెడ్: రాడార్ వేరు, ఇది వేరు. పెద్దవారని గమ్మునుంటున్నా.

చంద్రగిరి_స్టూడెంట్: రాడార్ అంటే గాదంకి వాతావరణ పరిశోధన కేంద్రందా అన్నా? అది 53 మెగాహెర్ట్జ్‌తో పైన గాలులు కొలుస్తుంది కదా, కాలేజీ పిల్లల్ని లోపలికి రానిస్తారా?

రేణిగుంట_ఆర్‌ఎఫ్: కాలేజీ నుంచి లెటర్ రాయించి అడుగు నాయనా. గోడౌన్ వారూ, యాంకర్లు డ్రమ్ముల వరసకు పైన, కప్పు దూలాలకు కట్టండి. మొత్తం సిగ్నల్ పవర్‌కూ ఫస్ట్ పాత్ (మొదట చేరిన సిగ్నల్) పవర్‌కూ తేడా చూడండి. 6 డీబీ (డెసిబెల్) లోపుంటే దాదాపు నేరు దారే. 10 దాటితే అడ్డముందనుకుని ఆ రీడింగ్ నమ్మొద్దు. అలాంటప్పుడు అలారం మోగించేయండి. దూరం ఎక్కువ చూపించి అలారం మోగకపోతే పోయేది మనిషి ప్రాణం.

చిత్తూరు_గోడౌన్: పవర్ తేడా ఇంతవరకు చూడలేదండీ, రేపు లాగ్ తీస్తాం. బ్యాటరీ సంగతి ఎవరూ చెప్పలేదు?

తిరుచానూరు_బీకన్: ఆ బీకన్లు ఎవరికైనా కావాలా? సగం ధరకే ఇస్తాను.